పాత డీజిల్ సెడాన్‌కు కొత్త షాకబ్జర్లు: కొనేముందు, విప్పేముందు

(కడపలో కార్ల ఓనర్లను, షెడ్డు మెకానిక్‌లను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చున్నవాళ్లలో కార్ల ఓనర్లున్నారు, వెనక నిలబడ్డవాళ్లలో షెడ్లలో పనిచేసే తమ్ముళ్లున్నారు. ఈ మాటలు ఇద్దరికీ పనికొస్తాయి. షాకబ్జర్ తప్పుది కొంటే ఓనర్ జేబుకు చిల్లు. సరైనది కొన్నా తప్పుగా బిగిస్తే మెకానిక్‌కు చెడ్డపేరు. ఎక్కువగా జరిగేది రెండోదే. అందుకే బిగింపు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడతా.

ఏ బండ్ల గురించి మాట్లాడుతున్నానో ముందే చెప్పేస్తా. మొదటి తరం స్విఫ్ట్ డిజైర్ డీజిల్, ఇండిగో, లోగన్, దాని తర్వాతి వెరిటో, పాత వెర్నా సీఆర్‌డీఐ, ఫియెస్టా, ఎటియోస్ డీజిల్, లీనియా, వెంటో, ఆక్టేవియా. ఇప్పటికి పదేళ్లు, పదిహేనేళ్లు దాటినవి. ఇంజిన్ ఇంకా బాగానే లాగుతుంటుంది, కింద మాత్రం అంతా వదులైపోయి లొటలొటమంటుంటుంది. 15 ఏళ్లు నిండినాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయిస్తే ఇంకో 5 ఏళ్లు ఇస్తారు. ఆ అయిదేళ్లూ తోలాలనుకున్న బండికి ఈ ఖర్చు దండగ కాదు.

మొదట ఒక సంగతి తేల్చుకుందాం. షాకబ్జర్ బరువు మోయదు. బరువు మోసేది స్ప్రింగ్. గుంతలో పడి లేచిన స్ప్రింగ్ ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపును పట్టి ఆపేదే షాకబ్జర్. కాబట్టి డిక్కీలో రెండు మూటలు వేస్తే వెనక కూలబడిపోతోంది, షాకులు మార్చు అని షెడ్డుకొచ్చే ఓనర్‌కు షాకులు మార్చినా వెనక లేవదు. గ్యాస్ షాకబ్జర్ వేస్తే లేస్తుందంటారు. లేస్తుంది, కొన్ని మిల్లీమీటర్లు. అంతే. కూలబడిన బండికి కావాల్సింది స్ప్రింగులు.

లోపల ఏముందో చూద్దాం. మన బండ్లకు కంపెనీ నుంచి వచ్చేవి దాదాపు అన్నీ ట్విన్ ట్యూబ్. బయట ఒక గొట్టం, లోపల ఇంకో గొట్టం, లోపలిదాంట్లో పిస్టన్, నిండా నూనె. పిస్టన్‌కు సన్నటి రంధ్రాలుంటాయి, వాటిమీద కాగితమంత పలచని స్టీల్ రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. నూనె ఆ రేకులను వంచి దూరి పోవాలి. ఆ వంగడానికి పట్టే బలమే షాకబ్జర్ గట్టితనం. చక్రం పైకి లేచేటప్పుడు తక్కువ అడ్డు, కిందికి దిగేటప్పుడు రెండు మూడింతల అడ్డు ఉండేలా ఆ రేకులను అమరుస్తారు. ఏ రేకు ఎంత మందం, ఎన్ని రేకులు అనేది ఆ బండి బరువు, ఆ స్ప్రింగ్ బలం చూసి కంపెనీ లెక్క కట్టి పెట్టింది. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ లెక్క చుట్టూనే తిరుగుతుంది. కొత్త షాకబ్జర్ ఆ లెక్కకు దగ్గరగా ఉందా లేదా, అంతే చూడాలి. గట్టిగా ఉందా, పేరున్నదా అనేవి దాని తర్వాత.

డీజిల్ అనే మాట ఎందుకు పదే పదే అంటున్నానంటే, ఒకే మోడల్‌లో పెట్రోల్ బండి కన్నా డీజిల్ బండి మోడల్‌ను బట్టి 50 నుంచి 100 కిలోల దాకా బరువెక్కువ ఉంటుంది, అదనపు బరువు దాదాపు మొత్తం ముందు చక్రాల మీదే పడుతుంది. అందుకని ముందు స్ప్రింగ్ వేరు, స్ట్రట్‌లో (అంటే స్ప్రింగుతో కలిపి ఒకటిగా బిగించే ముందు షాకబ్జర్‌లో) రేకుల అమరిక వేరు, పార్ట్ నంబర్ వేరు. చూడ్డానికి మాత్రం రెండూ ఒకటే. బోల్టు రంధ్రాలు కలుస్తాయి, పొడవు కలుస్తుంది, బిగుసుకుంటుంది. కొట్లో కుర్రాడు ‘డిజైర్‌దే కదా, పెట్టుకోండి’ అని పెట్రోల్‌ది ఇచ్చేస్తాడు. తీసుకుపోయి బిగిస్తే రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు తొక్కిన ప్రతిసారీ ముక్కు నేలకు గుద్దుకునేలా వంగుతుంది. ‘కొత్తవి వేయించినా ఇంతేనా’ అని మళ్లీ షెడ్డుకే వస్తారు.

ఇప్పుడు నిజంగా షాకులే పోయాయా అని చూసుకోవడం ఎట్ల? బానెట్ మీద రెండు చేతులతో నొక్కి వదిలితే ఒకటి, ఒకటిన్నర ఊపుకు ఆగాలంటారు. పూర్తిగా చచ్చిన షాకును అది పట్టిస్తుంది, సగం చచ్చినదాన్ని పట్టించదు. నన్నడిగితే దానిమీద అంత నమ్మకం పెట్టుకోకండి. దానికన్నా మంచి పద్ధతి ఒకటుంది. పొద్దున్నే ఎండ ఎక్కకముందు బండిని అయిదారు కిలోమీటర్లు గతుకుల దారిలో తోలి ఆపండి. నాలుగు షాకబ్జర్ల గొట్టాలనూ చేత్తో తాకండి. పనిచేసే షాకబ్జర్ ఊపును వేడిగా మారుస్తుంది కాబట్టి వెచ్చగా ఉంటుంది. నాలుగిట్లో ఏదైనా చల్లగా ఉంటే అది పనిచేయడం లేదు. మధ్యాహ్నం చేయొద్దు, మన కడప ఎండకు బండిలో చల్లగా ఉండే వస్తువే దొరకదు.

నూనె విషయం. రాడ్ (పిస్టన్‌కు బిగించి, గొట్టంలోంచి బయటికొచ్చే కడ్డీ) దగ్గర సన్నగా తడి, దానిమీద దుమ్ము అంటుకుని నల్లగా ఉంటే అది చెమట లాంటిది, దానికి మార్చక్కర్లేదు. సీల్ రాడ్‌ను తడిగా ఉంచుతుంది, ఆ మాత్రం వస్తుంది. నూనె ధార గొట్టం సగం దాటి కిందికి జారి, తుడిచినా వారంలో మళ్లీ జారితే అప్పుడు పోయినట్టు. ఇంకో గుర్తు టైరు చెబుతుంది. అరచేతిని టైరు మీద చుట్టూ తిప్పండి. అక్కడక్కడా గిన్నెల మాదిరి పల్లాలు తగిలితే చక్రం రోడ్డు మీద ఆగకుండా ఎగురుతోందని అర్థం. ఒక పక్క మాత్రమే అరిగితే అది అలైన్‌మెంట్ తప్పు, షాకు తప్పు కాదు.

శబ్దం విషయంలో ఎక్కువమంది దెబ్బ తింటారు. చిన్న గుంతల మీద నిదానంగా పోయేటప్పుడు టకటకమంటే చాలాసార్లు అది స్టెబిలైజర్ లింక్ రాడ్ (మలుపులో బండి వాలకుండా ఆపే కడ్డీని స్ట్రట్‌కు కలిపే చిన్న రాడ్), షాకు కాదు. లింక్ రాడ్ చవక, ముందు అది మార్చి చూడండి. బ్రేకు వేసినప్పుడు, గేరు మార్చినప్పుడు ఒక్కసారి ‘దబ్’ అంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కింది చేయి) బుష్ రబ్బరు, లేదంటే ఇంజిన్ కూర్చునే రబ్బరు దిమ్మ, ఇంజిన్ మౌంట్. డీజిల్ ఇంజిన్ వణుకుకు మౌంట్లు తొందరగా పోతాయి. బండి నిలబెట్టి స్టీరింగ్ పూర్తిగా తిప్పేటప్పుడు స్ప్రింగ్ ‘టింగ్’ మని మీటినట్టు మోగితే స్ట్రట్ పైన ఉండే మౌంట్ బేరింగ్ పట్టేసింది. ఒకరు స్టీరింగ్ తిప్పుతుండగా ఇంకొకరు స్ప్రింగ్ మీద వేలు ఆనించి చూడండి, స్ప్రింగ్ తిరగకుండా ఆగి ఆగి ఒక్కసారి జారడం వేలికి తెలుస్తుంది. ఇవన్నీ చూడకుండా షాకులు మార్చిన బండి మళ్లీ అదే శబ్దంతో వస్తుంది.

ఎత్తు కూడా కొలవండి. సమతలమైన చోట నిలిపి, నాలుగు టైర్లలో గాలి సరిగా నింపి, చక్రం నడిమి నుంచి పైన ఫెండర్ అంచు వరకు టేపుతో కొలవండి. కుడి ఎడమల మధ్య 10, 15 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే స్ప్రింగ్‌ను అనుమానించాలి. మన బండ్లలో స్ప్రింగ్ కింది చివర తుప్పు పట్టి ఒక చుట్టు తెగి, కింది సీటులో దాక్కుని ఉంటుంది. బయటికి కనబడదు. టార్చ్ వేసి చూడాల్సిందే.

సరే, షాకులే పోయాయని తేలింది. కిలోమీటర్ల లెక్క కావాలంటే, మన్రో లాంటి కంపెనీలు 80,000 కిలోమీటర్ల దగ్గర మార్చమంటాయి. యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సిమెంటు లారీలు, రాళ్ల లారీలు తిరిగే దారుల్లో తారు అలలు అలలుగా లేచి ఉంటుంది. ఆ అలల మీద షాకు ఆగకుండా పనిచేసి నూనె కాగుతుంది, కాగిన నూనె పలచబడి నురుగెత్తుతుంది. నురుగులో పిస్టన్‌కు అడ్డేముంటుంది? ఏమీ ఉండదు. అందుకే ఆ దారుల్లో తిరిగే బండికి గ్యాస్ నింపిన షాకబ్జర్ మేలు. గ్యాస్ ఒత్తిడి నూనెను నురుగెత్తనివ్వదు.

గ్యాస్ అనగానే రెండు రకాలున్నాయి. ట్విన్ ట్యూబ్‌లో నైట్రోజన్ తక్కువ ఒత్తిడితో, సుమారు 3 నుంచి 8 బార్ దాకా ఉంటుంది. మోనో ట్యూబ్‌లో 20 బార్లకు పైనే. మోనో ట్యూబ్‌కు ఒకటే గొట్టం, వేడి తొందరగా బయటికి పోతుంది, పనితనం చాలా బాగుంటుంది. బిల్‌స్టీన్ బీ6, కేవైబీ గ్యాస్ ఎ జస్ట్ అలాంటివే. కానీ పాత డీజిల్ సెడాన్‌కు, అదీ మన రాళ్ల దారుల్లో తిరిగేదానికి నేను మోనో ట్యూబ్ చెప్పను. కారణం ధర మాత్రమే కాదు. మోనో ట్యూబ్‌లో పిస్టన్ బయటి గొట్టం గోడ మీదే జారుతుంది. వెనక షాకుకు రాయి తగిలి గొట్టం సొట్ట పడితే పిస్టన్ అక్కడే పట్టేస్తుంది, షాకు అక్కడితో అయిపోయినట్టే. ట్విన్ ట్యూబ్‌లో బయటి గొట్టం చిన్న సొట్ట పడినా లోపలి గొట్టం క్షేమంగా ఉంటుంది. రెండోది, మోనో ట్యూబ్ సాధారణంగా గట్టిగా ఉంటుంది. పదిహేనేళ్ల బండిలో బుష్‌లు, మౌంట్లు, బాడీ వెల్డింగులు అన్నీ అలసిపోయి ఉంటాయి. గట్టి షాకు ఆ దెబ్బలన్నీ తీసుకుపోయి వాటిమీద వేస్తుంది.

కాబట్టి నా సలహా, కంపెనీ ఇచ్చిన గట్టితనంలోనే ట్విన్ ట్యూబ్. అసలు కంపెనీ పార్ట్ దొరికితే అది, లేదంటే గాబ్రియేల్, మన్రో, కేవైబీ లాంటి పేరున్న తయారీదార్లది అదే మోడల్‌కు, అదే ఇంజిన్‌కు అని కేటలాగ్‌లో రాసి ఉన్నది. యూరప్ బండ్లకు సాక్స్, బిల్‌స్టీన్ బీ4 కూడా ఇదే కోవలోవి. ఖరీదైన పేరు కొని మౌంట్లు పాతవే ఉంచడం కన్నా, మామూలు మంచి షాకు కొని మిగిలిన డబ్బుతో చుట్టుపక్కల రబ్బర్లన్నీ మార్చుకోవడం వెయ్యి రెట్లు నయం.

పార్ట్ నంబర్ ఎట్ల పట్టుకోవాలి? ఆర్‌సీలో చాసిస్ నంబర్ ఉంటుంది, 17 అక్షరాలు. కంపెనీ పార్ట్‌ల కౌంటర్‌లో ఆ నంబర్ కొడితే ఆ బండికి పుట్టినప్పుడు ఏ స్ట్రట్ పెట్టారో తేలుతుంది. పాత షాకు గొట్టం మీద కూడా నంబర్ చెక్కి లేదా అచ్చు వేసి ఉంటుంది, మట్టి గీకి చూడండి. ముందు స్ట్రట్‌లకు కుడి వేరు, ఎడమ వేరు. బ్రేకు గొట్టం పట్టుకునే క్లిప్పు, ఏబీఎస్ వైరు బ్రాకెట్, లింక్ రాడ్ తగిలించే చెవి, ఇవి ఎదురెదురుగా ఉంటాయి. ఏబీఎస్ లేని బండి స్ట్రట్ ఏబీఎస్ ఉన్న బండికి వేస్తే వైరు వేలాడి చక్రానికి రాసుకుని తెగుతుంది.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వాళ్లకు ఇంకో మెలిక ఉంది. స్టెప్నీ గుంతలోనో, సర్వీస్ పుస్తకంలోనో ఒక స్టిక్కర్ ఉంటుంది, మూడేసి అక్షరాల కోడ్‌లతో. ముందు స్ప్రింగ్, షాకు ఏ బరువు తరగతివో ఆ కోడ్‌లలోనే ఉంటుంది. లారా, జెట్టా తరంలో ముందు స్ట్రట్ గొట్టం మందం రెండు రకాలు, 50 మిల్లీమీటర్లు, 55 మిల్లీమీటర్లు. వెర్నియర్‌తో కొలిచి కొనండి. 50ది 55 నకుల్‌లో (చక్రాన్ని పట్టుకునే ఇనుప దిమ్మలో) పెట్టి గట్టిగా బిగించినా పట్టు దొరకదు, కిందికి జారుతుంది.

పెట్టె మీద ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం, తయారీదారు చిరునామా అచ్చు వేసి ఉండాలి. డూప్లికేట్ పెట్టెల మీద ఈ అచ్చు చెదిరినట్టుంటుంది, లేదా స్టిక్కర్ కింద ఇంకో స్టిక్కర్ ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పాత స్టాకు పాత ధరకే అమ్మాలని చూస్తే ఊరుకోకండి. బిల్లు తీసుకోండి, వారంటీకి అదే ఆధారం. గ్యాస్ షాకా కాదా అన్నది కూడా అక్కడే తేల్చుకోవచ్చు. రాడ్‌ను లోపలికి నొక్కి కట్టిన తాడు తీస్తే గ్యాస్ షాకు రాడ్ దానంతట అదే మెల్లగా బయటికొస్తుంది. ఉత్త నూనె షాకు రాడ్ ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది.

మన ఊళ్లలో రెండు పనులు జరుగుతాయి, ఓనర్లకు చవగ్గా కనబడతాయి. ఒకటి, పాత షాకుకు రంధ్రం వేసి నూనె వంచి, కొత్త నూనె పోసి వెల్డింగ్ పెట్టి రంగు వేసి ఇవ్వడం. రాడ్ మీద గీతలు అట్లనే ఉంటాయి, రేకులు అలసిపోయి అట్లనే ఉంటాయి, గ్యాస్ అసలు ఉండదు. ఏ నూనె పోశారో ఎవరికీ తెలియదు. వెల్డింగ్ వేడికి సీల్ మాడుతుంది. రెండు నెలలు గట్టిగా ఉంటుంది, ఎందుకంటే చిక్కటి నూనె పోసి ఉంటారు. రెండోది, స్ప్రింగ్ చుట్ల మధ్య రబ్బరు దూర్చి బండిని పైకి లేపడం. రబ్బరు పెట్టిన చుట్టు పనిచేయడం మానేస్తుంది, మిగతా చుట్ల మీద ఆ బరువు పడుతుంది, స్ప్రింగ్ గట్టిపడుతుంది. గట్టిపడిన స్ప్రింగ్ ఊపును ఆపే బలం షాకులో లేదు, కంపెనీ లెక్క ఇంతకు ముందే చెప్పాను. బండి కుప్పిగంతులు వేస్తుంది, ఏదో ఒక రోజు రబ్బరు అంచు దగ్గరే స్ప్రింగ్ విరుగుతుంది.

షాకుతోపాటు ఏమేం మార్చాలి? ముందు పక్క స్ట్రట్ మౌంట్, దాని బేరింగ్, బంప్ స్టాపర్, డస్ట్ బూట్. బంప్ స్టాపర్ అంటే రాడ్‌కు తొడిగే పసుపో తెలుపో రంగు ఫోమ్ ముక్క. పదేళ్లకు అది రొట్టెముక్కలా పొడిపొడి అయి రాలిపోతుంది. అది లేకపోతే పెద్ద గుంతలో పిస్టన్ నేరుగా అడుగుకు గుద్దుకుని అక్కడి వాల్వు పగులుతుంది. బూట్ చిరిగితే దుమ్ము రాడ్ మీద పడుతుంది. మన ఎర్రమట్టి, బండల పొడి ఉప్పు కాగితం పనే చేస్తాయి, సీల్ పెదవి అరిగిపోతుంది. ఇవి షాకు ధరలో చిన్న భాగమే, కూలీ ఎట్లాగూ ఒకసారి ఇస్తారు. వెనక పక్క బంప్ స్టాపర్, పై రబ్బర్లు. బోల్టులకు సెల్ఫ్ లాక్ నట్లు ఉంటే అవి కొత్తవే.

ఇక బిగింపు. తమ్ముళ్లూ, ఇది మీకోసం.

కొత్త ట్విన్ ట్యూబ్ షాకు పెట్టెలో అడ్డంగా పడుకుని వస్తుంది. లోపల గ్యాస్, పిస్టన్ తిరిగే లోపలి గొట్టంలోకి చేరి ఉంటుంది. నిలువుగా పట్టుకుని, రాడ్ పైకి ఉండేలా, అడుగు దాకా నొక్కి మెల్లగా పూర్తిగా లాగి, అయిదారు సార్లు చేయండి. మొదట్లో చేతికి ఖాళీగా జారినట్టు తగులుతుంది, తర్వాత అంతటా ఒకే బిగువు వస్తుంది. తర్వాత బిగించేదాకా నిలువుగానే ఉంచండి. ఇది చేయకుండా బిగిస్తే మొదటి రోజు గుడగుడ శబ్దం వస్తుంది, ఓనర్ కొత్త షాకు చెడిపోయిందనుకుని వాపసుకొస్తాడు.

స్ట్రట్ దింపేటప్పుడు నకుల్ బోల్టులు విప్పేముందు వాటి స్థానాన్ని గీత గీసి గుర్తు పెట్టండి, కాంబర్, అంటే చక్రం నిలువు వాలు, అక్కడే ఉంటుంది. బోల్టు తీసినాక నకుల్‌ను బయటికి వాలనివ్వొద్దు. కాలిపర్‌ను (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగాన్ని) బ్రేకు గొట్టానికి వేలాడదీయొద్దు, తీగతో కట్టండి. నకుల్ మరీ బయటికి వాలితే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడి వస్తుంది. చిన్న పనికి వచ్చిన బండికి గేర్‌బాక్స్ దగ్గర గ్రీజు కారడం మొదలవుతుంది.

స్ప్రింగ్‌ను కంప్రెసర్‌తో నొక్కకుండా పైన నడిమి నట్టు విప్పొద్దు. ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. స్ప్రింగ్ మౌంట్‌ను ఎగరగొడితే ఎముకలు విరుగుతాయి. స్క్రూ కంప్రెసర్లు వాడితే రెండింటినీ సరిగ్గా ఎదురెదురుగా పెట్టి, ఒకటి కొంత, ఇంకొకటి కొంత తిప్పుతూ పోండి. స్ప్రింగ్ పై సీటులో వదులైనట్టు చేతికి తెలిసిందాకా నట్టు ముట్టుకోవద్దు. స్ట్రట్ కొన మీ ముఖం వైపు పెట్టుకోవద్దు.

ఇప్పుడు అందరూ చేసే తప్పు. పై నట్టు బిగించేటప్పుడు రాడ్ తిరుగుతుంది. అప్పుడు ఇంపాక్ట్ గన్ పెడతారు, లేదంటే రాడ్‌ను ప్లయర్‌తో పట్టుకుంటారు. గన్ పెడితే రాడ్ గిర్రున తిరిగి లోపల పిస్టన్ నట్టు వదులవుతుంది, సీల్ వేడెక్కుతుంది. ప్లయర్ పెడితే రాడ్ మీద సన్న గీత పడుతుంది, కంటికి అంతగా కనబడదు. ఆ గీత సీల్ గుండా వేలసార్లు పైకీ కిందికీ పోతుంది, ఒక నెలలో నూనె కారుతుంది. కంపెనీ వారంటీ ఇవ్వదు, గీత చూపించి పంపేస్తుంది. రాడ్ కొనలో అలెన్ కీ కోసం ఆరు మూలల గుంట ఉంటుంది, లేదా చదును చేసిన పట్టు ఉంటుంది. దానికి కీ పెట్టి, నట్టును రింగ్ స్పానర్‌తో చేత్తోనే బిగించండి. చివరికి టార్క్ రెంచ్. పై నట్టు చిన్న సెడాన్లలో సాధారణంగా 40 నుంచి 70 న్యూటన్ మీటర్లు, నకుల్ బోల్టులు 80 నుంచి 120. అసలు అంకె ఆ మోడల్ మాన్యువల్‌లో చూడండి.

స్ప్రింగ్ కింది కొన సీటులోని మెట్టుకు ఆనుకుని కూర్చోవాలి, ఒక సెంటీమీటర్ లోపు సందు ఉంటే పర్వాలేదు. మెట్టు ఎక్కి కూర్చుంటే బండి ఒక పక్కకు లాగుతుంది, మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర ‘ఠంగ్’ మని కిందికి జారుతుంది.

వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలను కలిపే అడ్డ దూలం) ఉన్న బండ్లలో షాకు, స్ప్రింగ్ వేర్వేరుగా ఉంటాయి. షాకు బోల్టు తీసేముందు బీమ్ కింద జాక్ పెట్టండి, లేదంటే బీమ్ ఒక్కసారి జారి స్ప్రింగ్ ఊడుతుంది, బ్రేకు గొట్టం లాగుతుంది. ఒక పక్క పూర్తి చేసినాకే రెండో పక్క. కింది బుష్ బోల్టును చక్రాలు గాల్లో వేలాడుతుండగా చివరి బిగువు వేయొద్దు. రబ్బరు ఆ వేలాడిన స్థితిలోనే పట్టేస్తుంది, బండి నేల మీద దిగినప్పటి నుంచీ మెలితిరిగే ఉంటుంది, ఆరు నెలల్లో చీలుతుంది. బండి నేల మీద నిలబడి, బరువు చక్రాల మీద ఉన్నప్పుడు చివరి బిగువు వేయాలి. లోయర్ ఆర్మ్ బుష్‌లకు కూడా ఇదే వర్తిస్తుంది. షెడ్లో లిఫ్ట్ లేకపోతే బీమ్ కింద జాక్‌తో బండి బరువు ఎత్తి, బండి మామూలు ఎత్తుకు వచ్చినట్టు చూసి బిగించండి.

స్ట్రట్ మార్చినాక అలైన్‌మెంట్ తప్పనిసరి. వంద కిలోమీటర్లు తిరిగినాక పై నట్లు ఒకసారి టార్క్ చూసుకోండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(‘అన్నా, ముందు రెండూ పోయాయి, వెనకవి బాగానే ఉన్నాయి. నాలుగూ మార్చాలా?’)

లేదన్నా. జతగా మార్చాలి, అంటే ముందు రెండూ, లేదా వెనక రెండూ. ఒక్కటి మాత్రం మార్చొద్దు, ఎడమ కుడి బిగువు తేడాతో బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు తిరుగుతుంది. ముందు ఒక కంపెనీది, వెనక ఇంకో కంపెనీది అయినా నష్టం లేదు, గట్టితనం కంపెనీ లెక్కలోనిదే అయితే. డీజిల్‌లో ముందువి ముందే పోవడం మామూలే.

(‘సార్, కొత్తవి వేసినాక బండి గట్టిగా, దడదడమంటోంది. షాకు తప్పా?’)

మొదట టైరు గాలి చూడండి. షెడ్డులో దించేటప్పుడు 40 దాకా నింపి పంపిన బండ్లు చాలా ఉంటాయి. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌లో ఉన్న అంకెకు తగ్గించండి. తర్వాత, ఇన్నాళ్లూ చచ్చిన షాకుతో తోలిన చేతికి సరైన షాకు గట్టిగానే అనిపిస్తుంది. వారం చూడండి. అప్పటికీ తగ్గకపోతే పై మౌంట్ రబ్బరు తలకిందులుగా పెట్టారేమో, పెట్రోల్ బండికో హ్యాచ్‌బ్యాక్‌కో ఉద్దేశించిన షాకు వేశారేమో పార్ట్ నంబర్ చూడండి.

(‘తీసేసిన పాత షాకులు పాత ఇనుము కొట్టుకు వేసేయొచ్చా?’)

నూనె షాకైతే రంధ్రం వేసి నూనె డబ్బాలోకి వంచి ఇవ్వండి, కాలువలో పోయొద్దు. గ్యాస్ షాకైతే జాగ్రత్త. ట్విన్ ట్యూబ్‌ను నిలబెట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకుని, బయటి గొట్టం పైభాగంలో 3 మిల్లీమీటర్ల డ్రిల్‌తో మెల్లగా రంధ్రం వేస్తే గ్యాస్ ముందు బుస్సుమని పోతుంది. మోనో ట్యూబ్ అయితే ఒత్తిడి ఎక్కువ, షెడ్లో రంధ్రం వేయొద్దు. దానిమీద ‘గ్యాస్ ఉంది’ అని మార్కర్‌తో పెద్దగా రాసి విడిగా ఇవ్వండి. ఇనుము కొట్టువాళ్లకు నోటితో కూడా చెప్పండి, వాళ్లు చూడకుండా గ్యాస్ కటింగ్ పెడితే ఆ గొట్టం పేలుతుంది.